స్ప్రింగు పట్టిన తీగ

మన పాఠశాల సైన్సు గది బీరువాలో, కింది అరలో ఉండే ఎలక్ట్రానిక్స్ కిట్టును నేను మొదటిసారి ముట్టుకున్నది ఎనిమిదో తరగతిలో. దాని పలకపై కరెంటును అదుపు చేసే రెసిస్టర్లు, చార్జిని కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్లు, స్విచ్చుల్లా పనిచేసే రెండు ట్రాన్సిస్టర్లు ముందే బిగించి ఉండేవి. ప్రతి భాగం కాళ్ల దగ్గరా ఒక చిన్న స్ప్రింగు, దాని పక్కన ఒక అంకె. స్ప్రింగును బొటనవేలితో పక్కకు వంచితే చుట్ల మధ్య సందు తెరుచుకునేది. పైతొడుగు ఒలిచిన తీగ కొసను అందులో పెట్టి వేలు తీయగానే చుట్లు దాన్ని బిగించి పట్టుకునేవి. టంకం అవసరం లేదు, చెయ్యి కాలుతుందన్న భయమూ లేదు. ఫిలిప్స్ సంస్థ 1963లో పిల్లల కోసం తెచ్చిన కిట్లు కూడా స్ప్రింగులనే నమ్ముకున్నాయని చాలా కాలం తరువాత తెలిసింది.

నేను కట్టిన మొదటి సర్క్యూట్, రెండు ఎల్‌ఈడీలు ఒకదాని తరువాత ఒకటి వెలిగే ఫ్లాషర్. 47 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు కలిస్తే ఒక్కో దీపం సెకనులో దాదాపు మూడో వంతు సేపు వెలగాలి. నావి మాత్రం రెండూ ఆరకుండా వెలుగుతూనే ఉన్నాయి. మాస్టారు వచ్చి ఒక్క తీగనూ తాకలేదు. రెండు దీపాలూ వెలుగుతున్నాయంటే రెండు ట్రాన్సిస్టర్లకూ కరెంటు అందుతోందని, అవి ఒకదాన్నొకటి ఆర్పుకునే దారి మాత్రం ఎక్కడో తెగిందని, ఆ దారి ఏ భాగం గుండా పోతుందో నన్నే చెప్పమని అడిగారు. కెపాసిటరు అన్నాను. దాని స్ప్రింగు వంచి తీగ బయటికి లాగితే, చుట్లు పట్టుకున్నది రాగిని కాదు, పైనున్న ప్లాస్టిక్ తొడుగును. మరికాస్త ఒలిచి మళ్లీ పెట్టగానే దీపాలు మిణుకుమిణుకుమన్నాయి.

తరువాత కళాశాలలో బ్రెడ్‌బోర్డు, అంటే భాగాల కాళ్లను రంధ్రాల్లో గుచ్చి సర్క్యూట్ కట్టే ప్లాస్టిక్ పలక, చేతికొచ్చింది. 2.54 మిల్లీమీటర్ల ఎడంలో రంధ్రాలు, అయిదేసి రంధ్రాలకు అడుగున ఒకే లోహపు క్లిప్పు. పని ఎంతో వేగంగా సాగుతుంది. అయినా నేర్చుకునే పిల్లలకు స్ప్రింగు పలకే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే బ్రెడ్‌బోర్డులో అతుకు ప్లాస్టిక్ కింద దాగిపోతుంది, స్ప్రింగులో కళ్లెదుట ఉంటుంది.

మా బ్యాచ్ నాటికే ఆ పలకపై, బ్యాటరీ పక్కనున్న రెండు స్ప్రింగుల చుట్లు సాగిపోయాయి. తీగ కొసను రెండు మడతలు వేస్తేనే అవి పట్టేవి. ఆ కిటుకు మాకు పై తరగతి అన్నయ్యలు చెప్పారు. మా తరువాత వచ్చినవారికి మేము చెప్పాము.