పాత హోటల్లో అదే వెల్లుల్లి స్పగెట్టీ

శనివారం, బెంగళూరు

ఇందిరానగర్‌లోని ఆ పాత ఇటాలియన్ హోటల్‌కి చాలాకాలం తర్వాత వెళ్ళాం. కుర్చీలు మార్చారు, ధరలు పెంచారు, మెనూలోకి బటర్ చికెన్ పిజ్జా అనేదొకటి వచ్చి చేరింది. అదలా ఉంచితే, ఇటాలియన్ వంటవాడి చెయ్యి తెలియాలంటే చెప్పాల్సింది ఆలియో ఒలియో. స్పగెట్టీ, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి, కాస్త పార్‌స్లీ, అంతే. తప్పు కప్పిపుచ్చడానికి క్రీమ్ ఉండదు.

ఇవాళ వచ్చిన ప్లేటులో నూనె అడుగున మడుగు కట్టలేదు. పోగుపోగుకీ పల్చగా, కాస్త తెల్లగా పట్టి ఉంది. వెల్లుల్లి లేత బంగారు రంగులో ఉంది. చెయ్యి పోలేదు.

ఇంట్లో చేస్తే నూనె ఒకపక్కా పాస్తా ఒకపక్కా అయిపోతుందంటారు చాలామంది. కారణం, ఉడికిన నీళ్ళు సింకులో పారబోయడమే. నూనెనీ నీళ్ళనీ కలిపి పట్టుకునేది ఆ గంజే. ఇద్దరికి 200 గ్రాముల స్పగెట్టీ అనుకుంటే లీటరున్నర నీళ్ళు, 15 గ్రాముల ఉప్పు చాలు. నీళ్ళు మరీ ఎక్కువైతే గంజి పల్చబడుతుంది. ఇంకోటి, బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్ళు ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ప్యాకెట్ మీద 9 నిమిషాలని ఉంటే ఇంకాస్త ఎక్కువే పడుతుంది. గడియారాన్ని నమ్ముకోకుండా ఒక పోగు కొరికి చూడాలి. మధ్యలో సూదిమొనంత తెల్లచుక్క ఉండగానే తీసెయ్యాలి, మిగతాది పెనంలో ఉడుకుతుంది.

మన వెల్లుల్లి రెబ్బలు చిన్నవి కాబట్టి ఆరేడు, పల్చటి బిళ్ళలుగా తరగాలి. ఇక్కడ పోపు అలవాటు పనికిరాదు. నూనె కాగాక వేస్తే అంచులు మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. 60 మిల్లీలీటర్ల చల్లటి నూనెలోనే వేసి సన్నసెగ మీద పెట్టాలి. అంచు రంగు తిరగ్గానే ఎండుమిర్చి తుంపులు, వెంటనే ఒక గరిటెడు పాస్తా నీళ్ళు. దాంతో వేగడం ఆగుతుంది. ఎర్రబడేదాకా చూస్తే చేదెక్కుతుంది, ఇక పారబోసి మళ్ళీ మొదలెట్టడమే. తర్వాత పాస్తా వేసి, మంట పెంచి, ఒకటి రెండు నిమిషాలు గట్టిగా తిప్పాలి. నూనె తేలితే ఇంకో రెండు చెంచాల నీళ్ళు పొయ్యాలి, నూనె కాదు.

చీజ్ తురమమంటారా అని అడిగారు. ఈ వంటకి అక్కర్లేదు. శాకాహారులైతే వద్దనడమే మేలు. అసలైన పార్మజానో చీజ్‌ని లేగదూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో (పాలని గడ్డకట్టించే పదార్థం), పెకొరీనో రొమానో గొర్రెపిల్ల రెన్నెట్‌తో చేస్తారు.

పిజ్జా మాత్రం నడుమ చిత్తడిగా ఉంది. తాజా మొజారెల్లాని నీళ్ళు ఓడ్చకుండా వేస్తే ఇంతే. ముక్కలు చేసి కాసేపు జల్లెడలో ఉంచాలి. నేపుల్స్ పద్ధతిలోనైతే కట్టెల పొయ్యి వేడి 430 డిగ్రీలు దాటుతుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. అంత వేడిలేని ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంచాలి కాబట్టి అంచు పెళుసెక్కుతుంది.

వెళ్ళేవాళ్ళు ఏడింటికల్లా వెళ్ళడం మంచిది. రద్దీ వేళల్లో చాలా వంటగదుల్లో పాస్తాని ముందే సగం ఉడికించి నూనె పట్టించి ఉంచుతారు. అలాంటిదానికి సాస్ అంటుకోదు.