తూమెడు యవలు

మనం రేడియో అని పిలిచే మన క్లాసువాడు మూడుసార్లు ఫోన్ చేశాడు, మన స్కూలు సావనీర్‌కి రెండు పేజీలు రాసివ్వవే అని. నాకు రాయడం ఎక్కడొచ్చురా అంటే, బోర్డింగ్‌లో అందరి ఇళ్ళకీ ఉత్తరాలు నువ్వే కదే రాసిపెట్టేదానివి అన్నాడు. అదీ నిజమే. అయినా వాయిదా వేస్తూనే వచ్చాను, చివరికి కమిటీ వాళ్ళు వాట్సాప్‌లో ఆ పాత ఫోటో పెట్టి, ఎవరెవరో గుర్తుపట్టి పేర్లు సరిచూడండి అనేసరికి ఇంక రాయకుండా ఉండలేకపోయాను.

గంట కొట్టిన మేక గురించీ, చింతచెట్టు కోర్టు గురించీ, సైన్సు సారు "అనగా" గురించీ మిగతావాళ్ళు రాస్తారు, మనం పకోడీ అని పిలిచేది అయితే రాయకుండా ఉండదు. నేను 1977 నవంబరు గురించే రాస్తాను. తొమ్మిదో క్లాసు నాకు అసలు గుర్తే లేదు, పదిలో గుర్తున్నవి పరీక్షలు, రేపల్లె రైలు, అంతే. ఎనిమిది మాత్రం నిన్న జరిగినట్టుంది.

ఆ సంవత్సరం ఆగస్టులో ఒకావిడ తట్టలో బియ్యం మోసుకుని బోర్డింగ్‌కి వచ్చింది, మీలో కొంతమందికి గుర్తుండాలి, ఎందుకంటే ఆ బియ్యం చూసి అందరూ మూగారు. ఎర్రవీ తెల్లవీ, సన్నవీ లావువీ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. పరిగె బియ్యం అంతే ఉంటాయి మరి, కోతలయ్యాక పది మంది పొలాల్లో రాలినవి ఏరిన గింజలు ఒకటే రకం ఎలా అవుతాయి. ఇదెవరి ఇంటి నుంచే అని ఎవరో అడిగితే నేను "మా ఊరావిడ, అమ్మ పంపించింది" అన్నాను. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. విన్నది. తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "వస్తానమ్మా" అని నాతో పరాయిదానిలా చెప్పి వెళ్ళిపోయింది.

ఆవిడ మా అమ్మ. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత చెప్తున్నాను మీ అందరికీ.

గుడిలో పేతురు కోడి కూయకముందే యేసుని ఎరుగను అన్న భాగం చదివినప్పుడల్లా నేను తలెత్తలేను. ఆ కోడి పేతురు ఒక్కడి కోసమే కూయలేదు.

తర్వాత తుఫాను. నవంబరు 19, శనివారం. వార్డెనమ్మగారు మనందర్నీ స్లాబు ఉన్న గదిలోకి తోసి తలుపుకి బెంచీలు అడ్డం పెట్టించి, రాత్రంతా హరికేన్ లాంతరు పట్టుకుని మనల్ని లెక్కపెడుతూనే ఉన్నారు, లెక్క సరిపోయాక కూడా మళ్ళీ మొదట్నుంచి. ఆవిడ ప్రార్థన చేయడం నాకు వినపడలేదు, లెక్కే వినపడింది, చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు నాకు, ఆ లెక్కే ఆవిడ ప్రార్థన అని. తెల్లారాక ఒక్కో వార్త రావడం మొదలైంది. కృష్ణ అవతల దివిసీమలో ఉప్పెన తాటిచెట్టంత లేచిందన్నారు, ఊళ్ళకి ఊళ్ళు లేవన్నారు, పోయినవాళ్ళు వేలల్లో అన్నారు, అది తగ్గించి చెప్పిన మాటే, పదివేలు దాటారు. మన ఇవతల నిజాంపట్నం వైపు కూడా సముద్రం ఊళ్ళమీదకొచ్చింది. మా ఊరు ఆ వైపే. నాలుగు రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు, మీరంతా నాకు జ్వరం అనుకున్నారు.

నాలుగో రోజు సాయంత్రం వార్డెనమ్మగారు నన్ను తన గదిలోకి పిలిచారు. లోపల అమ్మ కూర్చుని ఉంది, మోకాళ్ళదాకా బురద. ఇల్లు పోయింది, మేకలు పోయాయి, మనిషి మిగిలింది. నన్ను పట్టుకుని ఏడ్చింది, తలుపు వేసి ఉంది కాబట్టి ఏడ్చింది. బయటికొచ్చాక మాత్రం నా వైపు చూడలేదు. ఆగస్టులో నేనన్న మాట నిలబెట్టడానికి, నా పరువు కాపాడటానికి.

ఆ తర్వాతది మీ అందరికీ తెలుసు. బోర్డింగ్‌లో బియ్యం అడుగంటాయి, అమెరికా రవ్వ ఉప్మా కూడా ఒంటిపూటకొచ్చింది, చుట్టూ చూస్తే కోతకొచ్చిన చేలు నీళ్ళలో పడుకుని ఉన్నాయి, కంకి మీదే మొలకలొస్తున్నాయి. వార్డెనమ్మగారు వెళ్ళి ఆ పెద్ద ఆసామిని అడిగారు, పిల్లలు ఏరుకుంటారండీ అని. ఆయన గట్టు మీద కూలబడి ఏడుస్తున్నాడంట, ఏరుకోండమ్మా, నేనేం చేసుకుంటాను అన్నాడంట. మర్నాడు ఆవిడ మనల్ని వరసలో నిలబెట్టి, పక్కన అమ్మని నిలబెట్టి, "ఈవిడ మీకు పరిగె నేర్పిస్తారు, క్లాసులో నా మాట విన్నట్టే ఇక్కడ ఈవిడ మాట వినాలి" అన్నారు. అలా మా అమ్మ మీకు పరిగె పిన్ని అయింది.

కుడిచేత్తో ఏరి ఎడంచేతిలో పెట్టుకో, పిడికిలి నిండితే కొంగులో వెయ్యి, ఒక్కో కంకికీ నడుం లేపకు, వరస అయ్యాక లేపు, బురదలో తొక్కిన గింజని కూడా వదలకు అని చెప్పింది. వార్డెనమ్మగారు చీర ఎగ్గట్టి మనకంటే ముందు దిగారు. నానిన ధాన్యం ఊరికే ఎండబెడితే మరలో నూకైపోతుంది, ఉడకబెట్టి ఎండబెట్టాలి అని గుండిగలు ఎక్కించింది కూడా అమ్మే. ఆ ఉప్పుడు బియ్యం అన్నం మక్కు వాసన వేసింది, పకోడీ రెండోసారి పెట్టించుకుంది.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి, కరెంటు ఇంకా రాలేదు, వార్డెనమ్మగారు లాంతరు దగ్గర రూతు కథ చెప్పారు. మోయాబు నుంచి అత్తతో వచ్చిన విధవరాలు, బేత్లెహేములో యవల, అంటే బార్లీ, కోత, బోయజు అనే ఆసామి పొలం. బైబిల్లో లేవీయకాండంలోనే ఉంది, పొలం అంచులు కోయొద్దు, పరిగె ఏరొద్దు, బీదలకీ పరదేశులకీ వదిలెయ్యమని, పరిగె అంటే అడుక్కోవడం కాదు, దేవుడు రాసిపెట్టిన హక్కు అన్నారు. నేను ఆ మాటకే తల దించుకుని కూర్చున్నాను. సాయంత్రానికి రూతు దుళ్ళగొడితే తూమెడు యవలు అయ్యాయి అన్నారు.

వెనకాల గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మ లేచి, "అమ్మగారూ, తూమెడా? ఒక్క రోజులోనా?" అంది.

అవునన్నారు.

"రాదండి. నేను చిన్నప్పట్నుంచీ ఏరుతున్నా. పరిగెలో ఒక్క మనిషికి తూమెడు రాదు. ఎవరో కావాలని పడేసుంటారు."

మా అమ్మకి అక్షరం ముక్క రాదు. వార్డెనమ్మగారు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత తను చెప్పకుండా దాటేసిన వచనం వెనక్కి తిప్పి చదివారు, బోయజు తన పనివాళ్ళతో, కట్టల్లోంచి పిడికిళ్ళు కావాలనే లాగి ఆమె కోసం పడేయండి, ఆమెని ఏమీ అనకండి అని చెప్పిన మాట. చదివి బైబిల్ మూసి, "ఈ వచనం నేను ముప్పయ్యేళ్ళుగా చదువుతున్నాను, ఈ రోజు అర్థమైంది" అన్నారు. మీకు గుర్తుందా లేదా తెలీదు, చాలామంది అప్పటికే నిద్రపోయారు. నేను తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను, పెద్ద పెద్ద కూడికలకి వెళ్ళాను, నా విశ్వాసం మాత్రం ఆ గోడ దగ్గర మొదలైందే.

గుంటూరులో నర్సింగు చేసి, 1988లో కువైట్ వెళ్ళాను. రెండేళ్ళు కాకుండానే 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చేసింది. దాచుకున్న దినార్లు కాగితాలైపోయాయి, బస్సుల్లో బాగ్దాదు మీదుగా జోర్డాన్ బోర్డరుకి చేరాం, అక్కడ ఎడారిలో గుడారాలు, పగలు నిప్పులు, రాత్రి చలి. చంటిపిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఉప్పు, పంచదార, కాచిన నీళ్ళు కలిపి స్పూనుతో తాగించడం తప్ప నా దగ్గర ఏ మందూ లేదు, అదే చేశాను, నేను చూసిన పిల్లలు బతికారు. ఒక రోజు కారులో వచ్చిన ఒక ముసలావిడ కిటికీలోంచి రొట్టెల మూట నా ఒళ్ళో పడేసి, పేరు కూడా అడగకుండా వెళ్ళిపోయింది. నాకు వెంటనే అమ్మ గొంతు వినపడింది, ఎవరో కావాలని పడేసుంటారు అని. అమ్మాన్ చేరాక ఎవరో చెప్పారు, ఇక్కడికి దక్షిణంగా, మృత సముద్రానికి తూర్పున ఉన్న కొండలే మోయాబు అని. రూతు దేశానికి అంత దగ్గరగా నిలబడి, వట్టి చేతులతో ఇంటికెళ్తున్నాను. అక్కణ్ణుంచి లక్షమందికి పైగా మనవాళ్ళని ఎయిర్ ఇండియా విమానాలు బొంబాయి చేర్చాయి, అందులో నేనొకదాన్ని.

అప్పుల్లో తిరిగొచ్చాను గానీ ఆ పైన ప్రభువు కృప వల్ల లోటు లేదు. గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది, హెడ్ నర్సుగా రిటైరయ్యాను, కరోనాలో వార్డు వదల్లేదు. పెద్దది డాక్టరైంది, చిన్నోడు హైదరాబాద్‌లో. అమ్మకి స్లాబు ఇల్లు కట్టించాను, తుఫాను హెచ్చరిక వస్తే ఊళ్ళో సగంమంది ఆ ఇంట్లోకే వచ్చేవాళ్ళు. 2009లో ఆ ఇంట్లోనే ప్రభువు దగ్గరికి వెళ్ళింది. ఆగస్టులో నేనన్న మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ క్షమించమని అడగలేదు, రేపు అడుగుదాం అనుకుంటూనే ఉండిపోయాను.

కమిటీ వాళ్ళకి రెండు మాటలు. బోర్డింగ్ పిల్లల బియ్యానికి నేను పంపించేది ఫలకం మీద వేస్తామన్నారంట, నా పేరు వద్దు, ఎవరు పడేశారో ఆ పిల్లలకి తెలియక్కర్లేదు.

రెండోది ఆ ఫోటో. కుడివైపు చివర, తట్ట పట్టుకుని సగం కనపడకుండా నిలబడ్డావిడ కింద "పరిగె పిన్ని" అని రాశారు. అది తీసేసి నా పేరు రాసి, పక్కన "అమ్మ" అని వేయండి. ఆవిడ సొంత పేరు కూడా రేడియోకి మెసేజ్ పెడుతున్నాను, అక్షరం తప్పు పోకుండా చూడమనండి.