మామ నీళ్ల ప్లాంటు, నా రెండు నెలల తిప్పలు

మార్చి వచ్చిందంటే మామ ఫోన్ మోగుతూనే ఉంటుంది. అనంతపురం ఎండ సంగతి చెప్పక్కర్లేదు కదా. పాతూరులో మామకు చిన్న నీళ్ల ప్లాంటు ఉంది. రెండు ఆటోలు, 340 దాకా ఇళ్లు, నాలుగు హాస్టళ్లు, కొన్ని క్లినిక్‌లు. నీళ్ల డబ్బులు ఎట్లోగట్ల వసూలవుతాయి. ప్రాణం తీసేది ఖాళీ క్యాన్లు. 20 లీటర్ల నీళ్ల కంటే ఆ క్యాన్ ధర ఎన్నో రెట్లు ఎక్కువ. ఎవరింట్లో ఎన్ని ఉండిపోయాయో తెలియకపోతే మామ లాభమంతా జనాల మేడల మీద మొక్కల కుండీలైపోతుంది.

"అల్లుడూ, నువ్వు కంప్యూటర్ మనిషివి కదప్పా, దీనికేమన్నా చెయ్యి" అన్నాడు మామ. నేను బెంగళూరు కంపెనీలో టెస్టింగ్ చేస్తాను, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. వేరేవాళ్లు రాసినదాంట్లో తప్పులు పట్టడం నా పని. సొంతంగా కోడ్ రాయమంటే చెమటలు పడతాయి. ఆ తేడా మామకు చెప్పబోయి మానుకున్నాను.

కోడ్ పెద్దగా రాయకుండా పని జరుగుతుందని మొదట ఎన్‌ఎయిట్‌ఎన్ (n8n) అనే సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాను. డబ్బాలు పెట్టి గీతలు కలుపుకుంటూ పోతే చాలు: ఇక్కడ మెసేజ్ వస్తే అక్కడ రాయి, ఇన్ని గంటలకు ఇది పంపు. "ఏం పేరప్పా అది, బండి నంబరు మాదిరి?" అన్నాడు మామ. నోడ్‌మేషన్ అన్న మాటలో మొదటి ఎన్‌కీ చివరి ఎన్‌కీ మధ్య ఎనిమిది అక్షరాలు ఉంటాయి, అందుకని ఆ పేరు. 2019లో బెర్లిన్‌లో మొదలైంది. మన సర్వర్‌లో మనమే పెట్టుకుంటే డబ్బు కట్టక్కర్లేదు.

ఒక్క ఆదివారంలో కట్టేశాను. ఆటో నడిపేవాళ్లు టెలిగ్రామ్‌లో బాట్‌కి (మనిషి లేకుండా మెసేజ్‌లు అందుకునే ఖాతా) "హాస్టల్ 2, ఇచ్చింది 6, తెచ్చింది 0" అని కొడతారు. ఎన్‌ఎయిట్‌ఎన్ దాన్ని విడగొట్టి, గూగుల్ షీట్‌లో ఆ ఇంటి పాత నిల్వ చదివి, కూడికో తీసివేతో చేసి, కొత్త అంకె రాస్తుంది. మూడు వారాలు బాగానే నడిచింది. నేనేదో సాధించినట్టు సప్తగిరి సర్కిల్ దగ్గర ఫ్రెండ్స్‌కి ఉగ్గాని బజ్జి కూడా పెట్టించాను.

తర్వాత ఒక లేడీస్ హాస్టల్‌లో గొడవ. షీట్ ప్రకారం వాళ్ల దగ్గర 24 క్యాన్లు ఉండాలి. "మా దగ్గర 24 యాడున్నాయన్నా? వచ్చి లెక్కపెట్టుకోండి" అని వార్డెనమ్మ గట్టిగా అడిగింది. మామ స్వయంగా వెళ్లి లెక్కపెట్టాడు. ఉన్నవి 14. సారీ చెప్పి, ఇంటికొచ్చి, నాతో ఒకటే మాట: "నా బుక్కే నయం కదప్పా."

ఆ రాత్రి ఎన్‌ఎయిట్‌ఎన్‌లో పాత రన్‌లన్నీ, అంటే అది పని చేసిన ప్రతిసారి రికార్డూ తెరిచి చూశాను. ఏ అడుగులో ఏం వచ్చింది, ఏం పోయింది అన్నీ కనిపిస్తాయి, ఆ సౌకర్యం మాత్రం చాలా గొప్పది. ముందు హాస్టల్ నిల్వ 18. పెద్ద ఆటో అన్న 10 ఖాళీలు తెచ్చానని కొట్టాడు. దాదాపు అదే క్షణంలో చిన్న ఆటో పిల్లోడు 6 ఇచ్చానని కొట్టాడు. రెండు మెసేజ్‌లకు రెండు రన్‌లు మొదలై, రెండూ షీట్ తెరిచి 18నే చదివాయి. మొదటిది 8 అని రాసింది. రెండోది దాని మీద 24 అని రాసింది. పదిమంది రాసిన కోడ్‌లో ఇలాంటి తప్పు పట్టుకుని జీతం తీసుకునేవాణ్ణి, సొంత పనిలో నాకు తట్టలేదు.

అప్పుడు మామ బుక్కు తెరిచి చూశాను. పాత అంకె ఎక్కడా కొట్టేసి ఉండదు. ఇచ్చిందొక వరస, తెచ్చిందొక వరస, కింద కూడిక. నేనేమో వరసలన్నీ పారేసి నిల్వ ఒక్కటే దాచాను. ఎన్‌ఎయిట్‌ఎన్ ఇక్కడిది అక్కడికి మోసే పని చేస్తుంది. లెక్క ఎక్కడ ఉండాలి, ఎవరు దాన్ని ముట్టుకోవచ్చు అన్నది నేను ఆలోచించాల్సిన సంగతి. నిజానికి షీట్‌లోనే రోజూ కొత్త వరసలు చేర్చుకుంటూ పోయినా ఈ గొడవ తప్పేది. కానీ ఆటోవాళ్లకు వేరు, మామకు వేరు లాగిన్‌లు కావాలి, 340 ఇళ్ల ఫోన్ నంబర్లు అందరికీ కనపడకూడదు. అందుకని బ్యాకెండ్ వైపు, అంటే డేటా, లాగిన్‌లు వెనక నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్ వైపు తిరిగాను.

ముందు సుపాబేస్. లోపల పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, ఏ వరస ఎవరికి కనపడాలో డేటాబేస్‌లోనే కట్టడి చేయొచ్చు. చదివితే నోరూరింది. మా ఇంట్లో ఉన్న 4 జీబీ పాత డెస్క్‌టాప్ మీద డాకర్‌తో (ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించాను. డేటాబేస్‌కొకటి, లాగిన్‌లకొకటి, ఫైళ్లకొకటి, లాగ్‌లకొకటి అంటూ డజను దాకా కంటైనర్లు లేచాయి. పాపం ఆ డెస్క్‌టాప్‌కి ఆయాసం వచ్చింది. పైగా కరెంటు పోతే లెక్క ఆగిపోతుంది. తప్పు సుపాబేస్‌ది కాదు, రెండు ఆటోల సరుక్కి నేను లారీ తెచ్చాను. రెండు ఆదివారాలు పోయాయి.

చివరికి నిలిచింది పాకెట్‌బేస్. ఒకే ఒక్క ఫైలు, నడిపితే చాలు. లోపల ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్, లాగిన్‌లు, అడ్మిన్ పేజీ అన్నీ దాంట్లోనే. డేటా మొత్తం ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. నెలకు ఐదారు వందలకు 2 జీబీ సర్వర్ అద్దెకు తీసుకుని, పాకెట్‌బేస్, ఎన్‌ఎయిట్‌ఎన్ రెండూ అందులోనే పెట్టాను. అవును, రెండూ. ఏదో ఒకటే ఎంచుకోవాలని రెండు నెలలు కొట్టుకున్న నేనే చెప్తున్నా. ఇప్పుడు ఎన్‌ఎయిట్‌ఎన్ మెసేజ్ విడగొట్టి పాకెట్‌బేస్‌కి ఒక కొత్త వరస పంపుతుంది, అంతే. దేన్నీ చెరపదు. నిల్వ ఎప్పుడు కావాలంటే అప్పుడు వరసలు కూడి తెలుసుకోవడమే.

ఇక్కడా ఒక దెబ్బ తగిలేది. పాకెట్‌బేస్‌లో ప్రతి పట్టికకూ ఎవరు చూడొచ్చు అన్న రూల్ ఉంటుంది. మొదట్లో తాళం వేసే ఉంటుంది, అడ్మిన్‌కి తప్ప తెరుచుకోదు. నేను ఆ తాళం తీసి, రూల్ గడిని ఖాళీగా వదిలేశాను. ఖాళీ అంటే ఎవరికీ అనుమతి లేదనుకున్నా. అక్కడ ఖాళీ అంటే ఊరందరికీ అని అర్థం! పాత అలవాటు కొద్దీ లాగిన్ లేకుండా ఇంకో ఫోన్‌లో తెరిచి చూస్తే 340 ఇళ్ల నంబర్లూ బారుగా వచ్చేశాయి. నా టెస్టింగ్ ఉద్యోగం పనికొచ్చింది అక్కడే. లాగిన్ అయినవాళ్లకే అని రూల్ రాశాక గానీ నిద్ర పట్టలేదు.

చిన్నచిన్న తిప్పలు ఇంకొన్ని. టెలిగ్రామ్ బాట్‌కి ఒక్క వెబ్‌హుక్కే, అంటే వచ్చిన మెసేజ్‌ని పంపాల్సిన చిరునామా ఒక్కటే ఉంటుంది. నేను ఎడిటర్‌లో టెస్ట్ చేస్తుంటే అసలు నడిచేది ఆగిపోయి ఒక పూట లెక్క తప్పింది. టెస్ట్‌కి వేరే బాట్ పెట్టుకోండి. ఎన్‌ఎయిట్‌ఎన్‌కి ఒక ఎన్‌క్రిప్షన్ కీ ఉంటుంది, అది పోతే లోపల దాచిన పాస్‌వర్డులు ఇక తెరుచుకోవు. కాగితం మీద రాసి మామ బీరువాలో పెట్టాను.

రోజూ రాత్రి 9కి మామకు ఆ రోజు లెక్క వెళ్లాలని పెట్టాను. మరుసటి రోజు పొద్దున ఆరున్నరకు వెళ్లింది. టైమ్‌జోన్ మనం మార్చకపోతే ఎన్‌ఎయిట్‌ఎన్ న్యూయార్క్ గడియారమే చూస్తుంది. ఏప్రిల్‌లో అక్కడ రాత్రి 9 అంటే మనకు తెల్లారి ఆరున్నర. సరిచేస్తానంటే మామ వద్దన్నాడు. "పేపర్ మాదిరి పొద్దున్నే వస్తే బాగుందప్పా, ఆటోలు బయల్దేరే ముందు చూసుకుంటా." టైమ్‌జోన్ కోల్‌కతాకు మార్చి, టైము ఆరున్నరకే పెట్టాను.

ఈ మధ్య తాడిపత్రిలో ప్లాంటు ఉన్న మామ స్నేహితుడొకాయన తనకూ కావాలని, నెలకింత ఇస్తానని అడిగాడు. పాకెట్‌బేస్‌ది ఎంఐటీ లైసెన్స్, అంటే డబ్బుకు వాడుకోవడానికీ ఒప్పుకునేది, దాంతో ఇబ్బంది లేదు. ఎన్‌ఎయిట్‌ఎన్ లైసెన్స్ సొంత వ్యాపారం లోపలి పనులకు ఒప్పుకుంటుంది గానీ, దాన్నే సర్వీసుగా అమ్ముకుంటానంటే కుదరదు. ఆయన సర్వర్‌లో ఆయన పేరు మీదే పెట్టిస్తానని, నాకు ఎక్కించిన కూలి ఇస్తే చాలని చెప్పాను. ఇంకా ఏమీ తేల్చలేదు.

మామ బుక్కు రాయడం మానలేదు. నెలాఖరున రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాం. మొన్న మూడు క్యాన్లు తేడా వచ్చింది. పాకెట్‌బేస్‌లో మూడు ఎక్కువ ఇచ్చినట్టుంది, బుక్కులో లేదు. గంటసేపు వాదించుకున్నాక చిన్న ఆటో పిల్లోణ్ణి పిలిచి అడిగాం. ఆ మూడూ మా ఇంట్లోనే దించాడంట. అక్క ఇంటికి ఇచ్చినవి మామ ఎప్పుడూ బుక్కులో రాయడు.