ఆరింటి క్లాసు

ఈరోజు సాయంత్రం ఇంట్లో నేను చెప్పే ఆరింటి ఇంగ్లిష్ క్లాసు జరగలేదు. ఐదుంపావుకి స్టూడెంట్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "మేడమ్, ఉన్నట్టుండి నైట్ డ్యూటీ వేశారు. రాలేను, సారీ." అప్పటికే చపాతీ పిండి కలిపి మూతపెట్టి, ముందుగదిలో రెండు కుర్చీలు వేసి కూర్చున్నాను.

24 గంటల ముందు చెప్పకపోతే ఆ క్లాసు అయిపోయినట్టే లెక్క. ఈ మాట చేరిన రోజే అందరికీ చెప్తాను, నోట్‌బుక్ మొదటి పేజీలో రాయిస్తాను. రెండేళ్ల క్రితం ఒకావిడ నెలలో ఎనిమిది క్లాసులకి మూడు మానేసి, ఐదు క్లాసులకే డబ్బులిచ్చారు. ఆ గంటలు నేను ఇంకెవరికీ ఇవ్వలేదు కదా! ఆ నెల కరెంటు బిల్లు కట్టడానికి ఇబ్బందిపడ్డాను. అప్పుడు పెట్టుకున్న రూల్ ఇది. దీని గురించి నాకు మొహమాటం లేదు.

కానీ ఈ అమ్మాయి నర్సు. డ్యూటీ చార్టు తన చేతిలో ఉండదు. యూకే వెళ్లాలని ఓఈటీకి, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్లకి పెట్టే ఇంగ్లిష్ పరీక్షకి చదువుతోంది. అక్కడ నర్సుగా రిజిస్ట్రేషన్‌కి వినడం, చదవడం, మాట్లాడటం మూడింట్లో బి గ్రేడ్ రావాలి, రాయడంలో సి ప్లస్ చాలు. తనకి చదవడమే కష్టం. అందుకే రోజూ ఫోన్లో ఒక ఇంగ్లిష్ వార్త చదివి రమ్మంటాను.

మొదట్లో అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ల లెర్నింగ్ ఇంగ్లిష్ వార్తలు ఇచ్చేదాన్ని. 1959లో స్పెషల్ ఇంగ్లిష్ పేరుతో మొదలైంది అది. దాదాపు 1500 మాటలతోనే రాసి, నెమ్మదిగా చదివేవాళ్లు. 2025 మార్చిలో అక్కడ పని ఆపేయడంతో కొత్త వార్తలు రావడం ఆగింది. నాకు నిజంగా బాధేసింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అంత ఓపిగ్గా వార్త చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

ఇప్పుడు మామూలు పేపర్ల సైట్లే. పోయిన వారం ఒక హెడ్డింగ్‌లో 'డైస్' (dies) అని చూసి, "ఇంకా ప్రాణం పోతూ ఉందా మేడమ్?" అని కంగారుగా అడిగింది. రోజూ వార్డులో ఉండే పిల్ల కదా, ఆ మాట దగ్గర ఆగిపోయింది. హెడ్డింగుల్లో జరిగిపోయినదాన్ని కూడా వర్తమానంలోనే రాస్తారని చెప్పాను. 'హెల్డ్' అంటే అరెస్టు చేశారని, 'టు విజిట్' అంటే వెళ్లబోతున్నారని రాసుకుంది. 'డైస్' కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసింది.

ఆ ఖాళీ గంటలో ఈరోజు కోసం తీసి పెట్టిన డెంగీ వార్తే మళ్లీ చదివి, దాని మీద నాలుగు ప్రశ్నలు తయారుచేశాను. తర్వాత మెసేజ్ పెట్టాను: "డబ్బులు తగ్గించనమ్మా, కానీ ఈ క్లాసు ఈ వారంలోనే ఇంకో రోజు చెప్తాను. వారం దాటితే మాత్రం అయిపోయినట్టే." షిఫ్టుల్లో పనిచేసే వాళ్లందరికీ ఇకమీదట ఇదే పద్ధతి.

తొమ్మిదింటికి జవాబొచ్చింది. గురువారం పొద్దున డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తానంది. ముందు ఇంటికెళ్లి నిద్రపొమ్మని, సాయంత్రం ఐదింటికి రమ్మని రాశాను.