లేసులు

నిద్ర పట్టడం లేదు. ఇవాళ తమ్ముడుండే హోమ్‌కి వెళ్లొచ్చాను. మేధో వైకల్యం ఉన్నవాళ్లుండే హోమ్ అది. వాణ్ణి చూసొచ్చిన ఆదివారం రాత్రుళ్లు ఇలా రాస్తుంటాను. ఈసారి పెద్ద గొడవేం జరగలేదు. తమ్ముడు బాగానే ఉన్నాడు, కాస్త ఒళ్లు కూడా చేశాడు. బూట్లు మాత్రం మారాయి.

లేసుల బూట్లు పోయి పట్టీలవి వచ్చాయి. చర్రుమని ఊడొచ్చే వెల్‌క్రో రకం. ఆవరణలో కాసేపు తిరిగొద్దామంటే కేర్‌టేకర్ అబ్బాయి వచ్చి కింద కూర్చుని ఆ కాలికొకటి, ఈ కాలికొకటి టకటకా అంటించేశాడు. నాలుగు సెకన్లు పట్టిందేమో. అంతసేపూ మావాడు రెండు కాళ్లూ చాపి టీవీ చూస్తూనే ఉన్నాడు. ఒక్కసారైనా కాళ్లవైపు తల వంచలేదు. నాకు గుచ్చుకున్నది అదే.

"లేసులవి ఏమయ్యాయండీ?" అని అడిగాను.

"ఇవైతే ఈజీ కదండీ. లేసు ఊడి కాలికి తగులుకుంటే రిస్కు. మా పిల్లలందరికీ ఇవే వాడుతున్నాం" అంది సూపర్‌వైజర్.

పిల్లలట! వాడికి నలభై ఒకటి. గడ్డం సగం నెరిసింది. పక్క గదిలో ఉండే ఆయనకి అరవై దాటాయి, చెవిలో మిషను పెట్టుకుంటాడు. ఆయన కూడా పిల్లాడే. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఒకసారి పిల్లలు అనేశాక మిగతావన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. ఏడున్నరకల్లా పడుకోబెట్టడం, అడక్కుండా మూతి తుడవడం, వాణ్ణి ముందు పెట్టుకునే నాతో "ఈమధ్య మాట వింటున్నాడండీ" అనడం. వాడు వింటూనే ఉన్నాడు మరి, చెవుడు లేదు కదా!

తర్వాత రిజిస్టరు చూపించింది. స్నానం, భోజనం, మందులు, నిద్ర, మూడ్. అన్ని గళ్లలోనూ టిక్కులే. మూడ్ గడిలో రోజూ 'హ్యాపీ'. నెలలో ముప్ఫై రోజులూ హ్యాపీగా ఉండే మనిషిని నేనింతవరకూ చూడలేదు. నాకైతే ఐదు రోజులు దాటవు. ఇవాళ ఏ పని వాడంతట వాడు చేసుకున్నాడో రాయడానికి మాత్రం అందులో గడి లేదు.

ఆ లేసుల కథ తెలిస్తే గానీ నా బాధ అర్థం కాదు.

వాడికి పంతొమ్మిదేళ్లప్పుడు నాన్నకి పంతం వచ్చింది. "వీడు లేసు కట్టుకుంటాడు, చూడండి" అన్నారు. మేమెవరం నమ్మలేదు. ఆయన మొదటినుంచి నేర్పలేదు, చివరినుంచి మొదలుపెట్టారు. ముడి అంతా తనే వేసి, రెండు చెవులూ చేసి, ఆఖరున బిగించి లాగడం ఒక్కటి మాత్రం వదిలేసేవారు. "లాగు" అనేవారు. వాడు లాగేవాడు. ముడి బిగుసుకునేది. "అయిపోయింది!" అని ఇల్లు అదిరేలా అరిచేవాడు. రోజూ పొద్దున్నే ఇదే తంతు. కొన్ని వారాలయ్యాక రెండో చెవి దూర్చడం కూడా వాడికే వదిలారు. తర్వాత మొదటి చెవి. అలా వెనక్కి, వెనక్కి జరుగుతూ ఎనిమిది నెలలు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుంటే లేవలేరు, అయినా కూర్చునేవారు. ఏ మెట్టు దగ్గర ఉన్నా పని పూర్తిచేసేది మాత్రం వాడే. ఓడిపోయిన రోజంటూ వాడికి లేదు. ప్రత్యేక విద్యలో ఈ పద్ధతికి బ్యాక్‌వర్డ్ చైనింగ్ అని పేరుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నాన్న ఆ పేరు తెలియకుండానే పోయారు.

మొత్తం వాడే కట్టుకున్న రోజు పదకొండు నిమిషాలు పట్టింది. ఎడమ కాలిది వదులు. నాన్న సరిచెయ్యబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ వదులు ముడితోనే సాయంత్రందాకా తిరిగాడు. రాత్రి పడుకునేటప్పుడు కూడా బూట్లు విప్పనివ్వలేదు.

ఆ పదకొండు నిమిషాలు తీసేసి నాలుగు సెకన్లు పెట్టారు.

ఇంటికొచ్చి ఎప్పట్లాగే పాత కాగితాలు తీసి కూర్చున్నాను. ఇంగ్లండ్‌లో కెంట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జిమ్ మాన్సెల్, ఆయనతో పనిచేసినవాళ్లు ఏళ్ల తరబడి ఇలాంటి ఇళ్లకి వెళ్లి, ఎవరు ఏం చేస్తున్నారో దగ్గరుండి చూసి రాసుకున్నారు. పెద్ద సంస్థల నుంచి చిన్న ఇళ్లకి మార్చినా, సిబ్బందిని పెంచినా అంతమాత్రాన బతుకు మారిపోదని వాళ్లకి తేలింది. పక్కనున్న మనిషి సాయం చేసే తీరు మారాలి. అన్నీ సిబ్బందే చేసేసి వీళ్లని అతిథుల్లా కూర్చోబెట్టడాన్ని హోటల్ మోడల్ అంటారు. దానికి బదులు వాళ్లు చెప్పింది యాక్టివ్ సపోర్ట్. పనిని ముక్కలు చేసి, చేతనైన ముక్క వాళ్లకి వదిలి, చేతకాని చోట మాత్రం మనం చెయ్యి వెయ్యడం. నాన్న నేలమీద కూర్చుని చేసింది అదే కదా.

ఇక రిస్కు మాట. 1972లోనే రాబర్ట్ పెర్‌స్కే అనే అమెరికన్ దీనిమీద ఒక వ్యాసం రాశాడు. ఏ ముప్పూ తగలకుండా కాపాడుతున్నాం అనుకుంటూ వీళ్ల గౌరవాన్నే తీసేస్తున్నాం అంటాడు. మనమందరం రోజూ ఎక్కడో ఒకచోట తట్టుకుని పడుతూనే ఉన్నాం. మనకెవరూ పట్టీల బూట్లు తొడగడం లేదు.

ఇదంతా అక్కడున్నప్పుడే సూపర్‌వైజర్‌కి చెబుదామని నోరు తెరిచాను. "ఇక్కడ ఎవరూ చెయ్యి చేసుకోరు, అది చూసుకోండి ముందు" అని ఆవిడ పోయినసారి ఒక తల్లితో అన్న మాట గుర్తొచ్చి మూసుకున్నాను. నిజమే, 2011లో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రిలో ఇలాంటివాళ్లని సిబ్బంది కొట్టడం, హింసించడం బీబీసీ రహస్య కెమెరాతో బయటపెట్టింది. అక్కడ పనిచేసిన ఒకాయన అంతకుముందే తనిఖీ సంస్థకి ఫిర్యాదు చేసినా పట్టించుకోలేదు. చివరికి పదకొండుమందికి శిక్షలు పడ్డాయి. ఆ వీడియో చూసి నేను రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. కానీ కొట్టకపోవడాన్నే మంచి హోమ్‌కి కొలతగా పెడితే మిగతాదంతా ఎవరు చూస్తారు? దెబ్బ తగిలితే మచ్చ కనిపిస్తుంది. వచ్చిన పని మర్చిపోతే ఏం కనిపిస్తుంది?

ఇక్కడిదాకా మంచి ఊపుమీద రాశాను. ఆపి, ఇదే సంగతి హోమ్‌వాళ్లకి మెసేజ్ పెడదామని ఫోను తీశాను. ఘాటుగా రెండు లైన్లు టైప్ చేశాను కూడా. పాత మెసేజ్‌లు ఓసారి చూద్దామని పైకి జరిపితే, నెల కిందటిది ఒకటి కనపడింది. "బూట్లు అరిగిపోయాయండీ. వెల్‌క్రోవి తీసుకోమంటారా, మామూలువా?" అని అడిగారు. మామూలువా అని కూడా అడిగారు! దాని కింద నేను పెట్టిన బొటనవేలి బొమ్మ. దేనికి సరేనన్నట్టో నాకే తెలియదు. ఆఫీసులో ఏ మీటింగులో ఉండి నొక్కానో. వేలిముద్ర వేసేసి ఇప్పుడు కోర్టుకెక్కుతున్నాను.

టైప్ చేసిన రెండు లైన్లూ చెరిపేశాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. వాడు ఇంట్లో ఉన్న చివరి రెండేళ్లూ, నాన్న పోయాక, లేసులు కట్టింది నేనే. బస్సు వెళ్లిపోతుందని. వాడు వంగి మొదలుపెట్టేలోపే "ఉండరా, నేను కడతా" అని లాక్కునేదాన్ని. వాడు కాళ్లు చాపి వేరేవైపు చూడటం హోమ్‌లో నేర్చుకున్నది కాదేమో. ఆ కేర్‌టేకర్ అబ్బాయికి పొద్దున తొమ్మిదిమందిని తయారుచేసే పని. నాకు ఒక్కడే.

అలాగని ఆ 'పిల్లలు' అన్న మాటని మాత్రం క్షమించను.

అన్నట్టు మర్చిపోయాను, వాడి గదికి తాళం ఇచ్చారు. తాళంచెవి వాడి మెళ్లోనే ఉంది. నాకు చూపించడానికి తలుపు నాలుగుసార్లు వేసి నాలుగుసార్లు తీశాడు. నేను లోపలికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టి "తట్టక్కా" అన్నాడు. తట్టాను. "ఎవరు?" అన్నాడు. అది కూడా అక్కడివాళ్లు నేర్పిందే. ఇవాళ దానిగురించి రాయాల్సింది.

వచ్చే ఆదివారం వాణ్ణే అడగాలి, లేసులు కావాలా పట్టీలు కావాలా అని. ఇంతమందిమి ఇంత మాట్లాడుకున్నాం గానీ ఆ ముక్క వాణ్ణి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పట్టీలే కావాలంటే ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. నాన్నకైతే కోపం వచ్చేది. నాకూ వస్తుందేమో.

పాత బూట్లు కవర్లో పెట్టి ఇచ్చేశారు. అడుగు చిల్లు పడింది, పనికిరావు. లేసులు మాత్రం పీకి పక్కన పెట్టాను. ఒకదాని చివర విచ్చుకుపోయి పీచు పీచుగా ఉంది, కన్నంలో దూరదు. అగ్గిపుల్ల గీసి ఆ కొస కాల్చి, వేడిమీదే వేళ్లతో నులిమాను. చూపుడువేలు చుర్రుమంది. ఇదంతా ఆ వేలు ఎత్తిపెట్టుకునే టైప్ చేశాను, తప్పులుంటే సర్దుకోండి.