తాళం కప్పల మేలం

ఈ సంక్రాంతికి పాలకొల్లు వైపు నుంచి మా ఇంటికి వచ్చిన ఒక పెద్దమనిషి, కనుమ నాడు భోజనం చేసి, తాంబూలం వేసుకొని, వెళుతూ వెళుతూ మా కొబ్బరి కొట్టు తలుపుకు నాకు తెలియని తాళం కప్ప ఒకటి బిగించి పోయారు. మూడో రోజు ఉదయం కొబ్బరి దింపు తీసేవాళ్ళు వచ్చి కాయ ఎక్కడ పొయ్యాలని అడిగేదాకా ఆ సంగతి నేను గమనించలేదు. ఆ తాళం వెనుక కువైట్‌లో మొదలై ఇన్నేళ్ళుగా సాగుతున్న వ్యవహారం ఒకటి ఉంది.

మాది రాజోలు తాలూకా, వసిష్ఠ గోదావరికి ఇవతలి గట్టు. ఆయనది పాలకొల్లు పక్క పల్లె, అవతలి గట్టు. చించినాడ వంతెన రాకముందు పడవ దిగి కాస్త దూరం పోతే వాళ్ళ ఊరే అయినా, ముప్ఫై ఏళ్ళపాటు ఒకరి మొహం ఒకరం చూడకుండా బతికి, చివరికి 2014లో కువైట్‌లోని షుఐబా పారిశ్రామిక వాడలో, ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు చేసే ఒక కంపెనీ వర్క్‌షాపులో కలుసుకున్నాం. నాకన్నా రెండేళ్ళు ముందు వచ్చినవారు కాబట్టి ప్రశ్నలు అడిగే అధికారం ఆయనదే అయింది. ఊరు, ఇంటిపేరు, అమ్మమ్మగారి ఊరు వరసగా అడిగి, సాయంత్రానికల్లా మా పెదనాన్నగారి కోడలి పుట్టిల్లు, వాళ్ళ అమ్మగారి పుట్టిల్లు ఒకటేనని తేల్చి, "అయితే మీరు నాకు బావగారవుతారండి" అన్నారు. మా వైపు ఆ వరస కలిసిందంటే పలకరింపు ఒక్కటే కాదు, మేలమాడే హక్కు కూడా వచ్చేస్తుంది. విడిదింట్లో పెళ్ళికొడుకు చెప్పులు దాచడం, బూరెలో పూర్ణానికి బదులు దూది పెట్టి వడ్డించడం ఆ హక్కు కింద జరిగే పనులే. వాటికి కోపం తెచ్చుకున్నవాడిదే తప్పవుతుంది.

ఎడారిలో విడిదిల్లు ఎక్కడ దొరుకుతుంది? మాకు దొరికింది లాకర్ల గది. అదొక పోర్టా క్యాబిన్. గోడ పొడవునా బూడిద రంగు ఇనప లాకర్లు మూడు వరసలుగా, మొత్తం ఇరవై నాలుగు ఉండేవి. ఒక్కొక్కటి జానెడున్నర వెడల్పు. క్యాంపులో గదికి ఎనిమిది మందిమి అంతస్తుల మంచాల మీద పడుకునేవాళ్ళం కాబట్టి, నాది అని తాళం వేసుకోగలిగిన చోటు ఆ దేశంలో అదొక్కటే. నా దాంట్లో సేఫ్టీ బూట్లు, అకామా (అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు) నకలు, కొబ్బరినూనె సీసా, ఫోను, తలుపు లోపలి వైపు అంటించిన అంతర్వేది నరసింహస్వామి పటం ఉండేవి. ఆయన దాంట్లో వీటితో పాటు ఎప్పుడూ ఒక ఆవకాయ సీసా ఉండేది.

ఇంత తీరిక మాకెక్కడిదని అడిగేవాళ్ళకు ఆ దేశపు వేసవి గురించి చెప్పాలి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 గంటల నుంచి సాయంత్రం 4 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. 2016 జూలై 21న ఆ దేశంలోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల వేడి నమోదైన మాట పాఠకులు వినే ఉంటారు. మేమున్నది దానికి దూరంగా, దక్షిణాన సముద్రపు ఒడ్డునే అయినా, ఆ వారమంతా స్పానరు ఒట్టి చేత్తో పట్టుకోలేకపోయాం. తెల్లవారుజామున పని మొదలుపెట్టి, పదకొండింటికి ఆపి, మళ్ళీ నాలుగింటికి ఎక్కేవాళ్ళం. మధ్యలో ఆ అయిదు గంటలూ ఏసీ గదిలో కునికిపాట్లు పడే ఇరవై నాలుగు మందిలో ఇద్దరికి నిద్ర పట్టకపోతే ఏం జరుగుతుందో అదే జరిగింది.

మొదటి దెబ్బ ఆయనదే. నా నెంబరు తాళాన్ని, అంకెలు తలుపు వైపుకు తిరిగి కనపడకుండా, తలకిందులుగా ఇరికించారు. వేలు దూరని సందులో అంకెలు తిప్పలేక నేను పావుగంట కుస్తీ పడుతుంటే, ఆయన బల్ల మీద పడుకొని కళ్ళు మూసుకొనే నవ్వుకున్నారు. దానికి బదులుగా నేను ఆయన తాళం కప్ప కొక్కేనికి ఇంకొక తాళం, దానికి మరొకటి, గొలుసులాగా మొత్తం అయిదు అయ్యేలా తగిలించాను. నిజానికి వాటిలో ఆయన లాకరును పట్టుకున్నది ఒక్కటే, మిగతా నాలుగూ ఊరికే వేలాడేవి. ఆ సంగతి గ్రహించేలోగా ఆయన నాలుగు చెవుల కోసం గదంతా వెతికారు.

అసలైన పోటీ అంకెల దగ్గర మొదలైంది. మూడంకెల తాళానికి 000 నుంచి 999 దాకా వెయ్యి అవకాశాలు. ఒక్కొక్కటి తిప్పి లాగి చూడడానికి మూడు సెకన్లు పట్టినా మొత్తం యాభై నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి, అయిదు గంటల విరామంలో నా తాళాన్ని ఆరుసార్లు తీయవచ్చునని ఆయన లెక్క కట్టి చెప్పారు. అంత శ్రమ కూడా అక్కర్లేకపోయింది. నేను పెట్టుకున్న అంకె 533. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో మా వైపు పిన్ కోడ్‌లు దానితోనే మొదలవుతాయని తెలిసినవారికి అది తాళమే కాదు. ఆయన దాన్ని మొదటి ప్రయత్నంలోనే తీశారు. సిగ్గుపడి, వెంటనే వెళ్ళి ఆయన తాళం మీద పశ్చిమ వారి 534 తిప్పాను. అదీ ఊడి చేతికొచ్చింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకొని చాలాసేపు మాట్లాడలేదు.

తరువాతి శుక్రవారం ఇద్దరం బకాలాకు, అంటే అక్కడి కిరాణా కొట్టుకు పోయి నాలుగంకెల తాళాలు కొన్నాం. పదివేల అవకాశాలు, వరసగా తిప్పితే ఎనిమిది గంటల పైచిలుకు. ఆయన తిప్పడం మానేసి ఆలోచించడం మొదలుపెట్టారు. నేను డెల్టా మనిషిని కాబట్టి నా బుర్రలో చెరగకుండా ఉండే అంకెలు ఏవని వెతికారు. పెద్ద వరద వచ్చిన 1986 తిప్పారు, రాలేదు. మా కొబ్బరి చెట్లను పడగొట్టిన తుపాను సంవత్సరం 1996 తిప్పారు, అదీ రాలేదు. తరువాత, మొహం కడుక్కుంటున్న నా వెనక నిలబడి, "ధవళేశ్వరం దగ్గర గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక ఎన్ని అడుగులకండి?" అని ఏమీ ఎరగనట్టు అడిగారు. పదిహేడు పాయింటు డెబ్బై అయిదు అని నేనే చెప్పాను. చెప్పి, నాలుక కరుచుకునేలోపు గది అవతలి మూల నుంచి తాళం ఊడిన చప్పుడు వినపడింది. ఆయనది మొదటి హెచ్చరిక, 1175 అని ఊహించడానికి నాకు ఆ తరువాత రెండు రోజులు పట్టింది. ఒప్పుకోవాలి, ఆ ఆటలో ఆయన నాకన్నా మెరుగు.

తాళాలు తీసినా లోపలి వస్తువు ఏదీ ముట్టుకోకూడదనేది ఎవరూ చెప్పకుండానే అమలైన కట్టుబాటు. ఆవకాయ సీసా పక్కన చెంచా ఉన్నా నేను మూత తియ్యలేదు. ఒక్కసారి మాత్రం, నేను సెలవు నుంచి ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి లాకరులో దాచినప్పుడు, ఆయన దానికి ఏడు తాళాలు బిగించి ఏడుగురికి ఏడు చెవులు పంచారు. ఒక్కొక్క చెవికి ఒక పూతరేకు, రేవు దాటడానికి పంటు కూలి ఇచ్చినట్టు. ఆ ఏడుగురిలో ఇద్దరు బెంగాలీలు, ఒక నేపాలీ. తాళం తీసిన నేపాలీ కుర్రాడు పూతరేకును చేతిలో పట్టుకొని ఇది కాగితమా, మీద కాగితం ఒలుచుకొని తినాలా అని అడిగాడు.

మా పనిలో తాళానికి ఇంకొక అర్థం ఉంది. మోటారో ప్యానెలో బాగు చేసేటప్పుడు దానికి కరెంటు ఇచ్చే బ్రేకరు కట్టేసి, దానికి మా పేరు, ఫొటో ఉన్న చీటీతో సహా ఎర్ర తాళం వెయ్యాలి. ఆరుగురు పని చేస్తుంటే ఆరు కన్నాల కొండీకి ఆరు తాళాలు పడతాయి. ఎవరి తాళం చెవి వారి జేబులోనే ఉంటుంది, రెండోది ఉండదు, ఆఖరి మనిషి వచ్చి తన తాళం తీసేదాకా ఆ బ్రేకరు ఎక్కదు. అవతల 415 వోల్టుల తీగ మీద చెయ్యి పెట్టినవాడి ప్రాణం ఇవతల ఆ తాళంలో ఉంటుంది.

భీమవరం వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు, మా ఆట చూసి ముచ్చటపడి, ఒకరోజు తన ఎర్ర తాళాన్ని తీసుకెళ్ళి బావగారి లాకరుకు వేశాడు. గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడే లోపలికి వచ్చిన మా ఫోర్‌మన్, కేరళ ఆయన, గొంతు పెంచకుండా ఆ కుర్రాడి చేతనే తాళం తీయించి, దాన్ని వాడి అరచేతిలో పెట్టి, "రేపు ఇది బ్రేకరు మీద కనపడితే అక్కడ మనిషి ఉన్నాడని అనుకోవాలా, ఎవరో వేళాకోళానికి వేశారని అనుకోవాలా?" అని హిందీలో అడిగారు. వాణ్ణి వారం రోజులు ప్యానెళ్ళ దగ్గరికి రానివ్వలేదు. కుర్రవాడి మీద అంత కఠినం ఎందుకని కొందరు గొణిగారు గాని, నా మటుకు నాకు ఆయన చేసింది తక్కువే అనిపించింది. వాణ్ణి ఎగదోసిన పెద్దవాళ్ళం మేమిద్దరం కూడా ఆ వారం బయట కూర్చోవలసినవాళ్ళమే.

ఇక నేను చేసిన తప్పు. ప్లాంటు లోపలికి ఫోన్లు పట్టుకుపోనివ్వరు కాబట్టి అందరి ఫోన్లూ లాకర్లలోనే ఉండేవి. ఒక సాయంత్రం బావగారి లాకరుకు నా ఇత్తడి తాళం అదనంగా వేసి, ఆయన తిరిగి వచ్చేసరికి ఎదురుగా నిలబడి బేరం పెడదామని చెవి జేబులో వేసుకున్నాను. ఇంతలో పంపుహౌసులో కేబులు కాలిందని కబురొచ్చి, నన్ను బండి ఎక్కించి తీసుకుపోయారు. తాళం సంగతి మరిచిపోయాను. మరిచిపోయానని రాయడం తేలిక. అప్పుడు మాత్రం రాత్రి ఎనిమిదింటికి పని ముగించి, బండిలో కూర్చొని, జేబులో చెయ్యి పెట్టగానే వేళ్ళకు చెవి తగిలితే ఒళ్ళు చల్లబడింది.

ఆ రోజు ఆయన కూతురి అయిదో పుట్టినరోజు. కువైట్‌కూ మనకూ రెండున్నర గంటల తేడా. ఆరింటికి మాట్లాడితే అక్కడ ఎనిమిదిన్నర, పాప మెలకువగా ఉంటుంది. ఎనిమిదింటికి అంటే పదిన్నర. వేరేవాళ్ళ ఫోనులో మాట్లాడేవారే గాని, ఆ వారమే వాళ్ళావిడ కొత్త సిమ్ తీసుకున్నారట. ఆ నెంబరు ఆ పెట్టెలో ఉన్న ఫోనులో తప్ప ఇంకెక్కడా లేదు. బోల్టు కట్టరున్న స్టోరు అయిదింటికే మూసేస్తారు. నేను పరుగెత్తుకొచ్చి తాళం తీసేసరికి ఆయన లాకరు ఎదురుగా బల్ల మీద కూర్చొని ఉన్నారు. ఫోను తీసుకొని, బయటికెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగి వచ్చి, "పడుకుందటండి" అన్నారు. అంతే.

తొమ్మిది రోజులు మా తాళాలు మామూలు తాళాలలాగే ఉన్నాయి. ఆయన నాతో మాట్లాడడం మానలేదు, కానీ బావగారూ అనకుండా "ఏవండీ" అని పిలిచేవారు, ఆ పిలుపు నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. నేను క్షమాపణ రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ "పర్లేదండి" అన్నారు. పదో రోజు మధ్యాహ్నం వచ్చి చూస్తే నా నెంబరు తాళం తలకిందులుగా, అంకెలు తలుపు వైపుకు తిరిగి ఇరుక్కొని ఉంది. అది ఊడదీయడానికి పట్టిన పావుగంటా నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ రోజు నుంచి ఎవరు తాళం వేసినా దాని చెవి గాని అంకె గాని మా గదిలో అందరికన్నా పెద్దవారైన కొత్తపేట బాబాయిగారి దగ్గర ఉంచాలని నియమం పెట్టుకున్నాం. ఆయన దాన్ని మొలతాడుకు కట్టుకునేవారు.

బావగారు ముందు, నేను తరువాత, ఇద్దరం తిరిగి వచ్చేశాం. ఆయనకు చేపల చెరువు, నాకు ఈ కొబ్బరి తోట.

కొట్టు తలుపుకు వేలాడుతున్నది నాలుగంకెల తాళం. ఫోను చేస్తే, "ఈసారి గోదావరి లెక్క కాదండి బావగారూ" అని పెట్టేశారు. నమ్మకుండా ప్రమాద హెచ్చరికలు 1175, 1375, 1775 మూడూ తిప్పాను. నా డ్యూటీ నెంబరు, ఆయన డ్యూటీ నెంబరు తిప్పాను. గట్టు మీద కూర్చున్న దింపు మనిషి చుట్ట ఆర్పి, "పొద్దెక్కిపోతోందండి, పదకొండు దాటితే ఇంక చెట్టెక్కమండి, ఆయ్" అన్నాడు. పదకొండు దాటితే. నేను తాళం మళ్ళీ చేతిలోకి తీసుకొని, పదకొండు, తరువాత సున్నా, నాలుగు తిప్పాను. ఊడింది.

కాయ లోపల పోయించి, కొట్టుకు నా పాత తాళమే వేసి, ఆయనది తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టాను. మాఘమాసంలో వాళ్ళ అమ్మాయి ఓణీల వేడుకకు పాలకొల్లు వెళ్ళాలి. ఆ ఇంట్లో బీరువా ఎక్కడుంటుందో నాకు తెలుసు.