థాథ బస్సు

మా నాన్న సంవత్సరీకానికని 2020 మార్చి మొదట్లో పిల్లలిద్దరినీ తీసుకుని తిరుపతి వచ్చాను. నా భార్యకు సెలవు దొరక్క న్యూజెర్సీలోనే ఉండిపోయింది. తిరుగు టికెట్లు మార్చి 28కి. ఈలోపు కొండమీద దర్శనాలు ఆపేశారు, అంతర్జాతీయ విమానాలు ఆపేశారు, 25 నుంచి దేశమంతా తలుపులు మూసుకుంది. మూడు వారాలకు సరిపడా తెచ్చుకున్న బట్టలతో కొర్లగుంటలో మా ఇంట్లో జూలై దాకా ఉండిపోయాం.

పాపకు తొమ్మిదేళ్ళు, చిన్నోడికి ఐదు. అక్కడ పొద్దున తొమ్మిదంటే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. వీధిలో వాళ్ళు దీపాలు పెట్టుకునే వేళకు పాప లాప్‌టాప్ ముందు కూర్చుని గుడ్ మార్నింగ్ చెప్పేది. నా ఆఫీసూ అప్పుడే. పగలంతా మాత్రం ఖాళీ. ఎండ, టీవీలో కేసుల లెక్కలు, అక్కడ ఒంటరిగా ఉన్న మనిషి గురించి టెన్షన్. తను పాత కాటన్ చీర ఒకటి చించి మాస్కులు కుట్టి వీడియోలో చూపించేది. కుట్లు వంకరగా ఉండేవి. బాగున్నాయనేవాళ్ళం.

ఇంత గొడవలోనూ నేనొక లాభం చూసుకున్నాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అమెరికాలో వారానికోసారి తెలుగు క్లాసుకు తిప్పినా రానిది ఇక్కడ ఊరికే వచ్చేస్తుందనుకున్నాను. పద్యాలు, అక్షరాలు, రామాయణం అని టైంటేబుల్ రాసి ఫ్రిజ్‌కు అంటించాను. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు చిన్నోడు దాన్ని పీకి పడవ చేశాడు.

అసలు పని అమ్మ బీరువాలోంచి బయటపడింది. అడుగు అరలో నాన్న పంచెలు ఆరు, ఆయన ఖాకీ చొక్కా ఒకటి. నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఇరవై ఏళ్ళకు పైగా కొండ బస్సు తోలాడు. "పోయినోళ్ళ గుడ్డలు ఇంట్లో పెట్టుకోకూడదు వదినా, ఎవరికన్నా ఇచ్చేయ్" అని పక్కింటి అత్త ఏడాదిగా చెబుతూనే ఉంది. "ఇస్తాలే" అని అమ్మ ఏడాదిగా అంటూనే ఉంది. ఆ పూట మాత్రం పంచెలు తీసి మంచం మీద వేసి, బొంత కుడతానంది. కింద పాత చీరలు, పైన పంచెలు. అంత తెల్లటి గుడ్డ చూసేసరికి పాప, "దీని మీద బొమ్మలు వేయొచ్చా అవ్వా?" అనడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు కాళహస్తి. నలభై కిలోమీటర్ల లోపే. అప్పటికి ఆ ఊరూ మాదీ చిత్తూరు జిల్లాలోనే. 2008లో జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి, గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే కలంకారీకి పద్మశ్రీ ఇచ్చారని నాన్న ఫోన్లో ఎంతో సంబరంగా చెప్పాడు. నేను ఊఁ కొట్టి వేరే మాట ఎత్తాను. ఇప్పుడు వెళ్దామంటే దారి లేదు. ఇంటర్‌లో నాతో చదివినవాడి చిన్నాన్న ఆ ఊళ్ళో కలంకారీ పనిచేస్తాడు. ఆయన్ను వాట్సాప్‌లో పట్టుకున్నాను.

ఆయన మొదట చెప్పింది నలుపు గురించి. దాన్ని కసిం అంటారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కుండలో పోసి మూడు వారాలు ఊరబెట్టాలి. చిన్నోడికి ఇల్లంతా గాలించే పని దొరికింది. వంగిన మేకులు, పాత గొళ్ళెం, నాన్న సైకిలు చైను ముక్క తెచ్చాడు. బెల్లానికి మా జిల్లాలో కరువేముంది! లాక్‌డౌన్ కూడా 21 రోజులే అన్నారు గదా, రెండూ ఒకేసారి తేలతాయనుకున్నాం. కసిం తయారైంది. లాక్‌డౌన్‌ను మే 3 దాకా పొడిగించారు.

ఈలోపు గుడ్డ సంగతి. పంచెను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరెయ్యాలి. నేను తెలివిగా ప్యాకెట్ పాలు పోశాను. ఆరిన గుడ్డ మీద గీత గీస్తే అది గొంగళిపురుగులా నాలుగువైపులా పాకింది. ఫోన్లో ఆయన నవ్వాడు. "ప్యాకెట్ పాలా? ఎనుము పాలు కావాల నాయనా. కొవ్వు లేకపోతే గీత నిలస్తాదా?" మళ్ళీ ఉతికి, వీధి చివర పాలామె దగ్గర చిక్కటి పాలు పోయించుకున్నాం. మిద్దె మీద ఆరేస్తే ఈగలు. పులిసిన పాల వాసన రెండు వీధులకు. పాప ముక్కు మూసుకునే తిరిగింది కానీ అక్కణ్ణించి కదల్లేదు.

కలం కూడా మేమే చేసుకున్నాం. వెదురు పుల్లను మొనగా చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించాలి. ఉన్ని రంగు పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే మొన దాకా దిగుతుంది. ఏప్రిల్లో తిరుపతిలో ఉన్ని ఎక్కడిది? విమానంలో వేసుకొచ్చిన స్వెటరు అంచు పాపే కత్తిరించి తెచ్చింది.

ఆ మొదటి గీత నేను మరిచిపోలేను. కలంలోంచి దిగేది మట్టినీళ్ళలా ఉంటుంది. ఇదేం నలుపు అని పాప నావైపు చూసింది. చూస్తుండగానే గుడ్డ మీద నల్లబడింది. కరక్కాయ వగరూ ఇనుమూ కలిస్తే అంతే. చిన్నోడు కుండలో వేలు ముంచి తన బనీను మీద రుద్దుకున్నాడు. ఏమీ కాలేదని ఏడ్చాడు. వాడి బనీనుకు కరక్కాయ పట్టలేదు మరి. ఎరుపు, నీలం జోలికి మేం పోలేదు. పటిక, మంజిష్ఠ, నీలిమందు అంటూ ఆయన చెబుతుంటేనే నాకు కళ్ళు తిరిగాయి.

ఇక బొమ్మ. నాకు శ్రీనివాస కల్యాణం కావాలి. నారాయణవనం, ఆకాశరాజు, కుబేరుడి అప్పు, అన్నీ మన చుట్టుపక్కల కథలే కదా. అమ్మ చెప్పింది, పాప శ్రద్ధగా విన్నది. విని, చింతబరికె కాల్చిన బొగ్గుతో పంచె ఈ కొస నుంచి ఆ కొసకు పాములాంటి దారి గీసింది. దాని పక్కనే ఇంకోటి.

ఏంటివి అంటే ఘాట్ రోడ్లట. క్లాసులు అయ్యాక అర్ధరాత్రి అవ్వా మనవరాలూ మిద్దె మీద కూర్చునేవాళ్ళు. ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ మీద, దిగేది 1944 నాటి పాత ఘాట్ మీద అని అమ్మ చీకట్లో వేలితో చూపించేది. మామూలు రోజుల్లో వేలు పెట్టి చూపించక్కర్లేదు, బండ్ల లైట్లు వరసకట్టి కదులుతుంటాయి. అప్పుడు ఒక్కటీ లేదు. "తాత ఉంటే ఇప్పుడు ఇంట్లో కూర్చునేవాడా?" అనడిగిందట పాప. "ఆయన కూచుంటాడా? డిపోకి పోయి బస్సు కడుక్కుంటా ఉంటాడు" అందట అమ్మ. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను.

ఆ ఖాళీ రోడ్డు మీద ఒకే ఒక్క బస్సు. అది మాత్రం కలంతో గీయనంది. ఖాకీ చొక్కా జేబు కోసి బస్సు చేయమంది. అమ్మ ఓ నిమిషం చొక్కా పట్టుకుని ఉండిపోయి, కత్తెర అందుకుంది. జేబుకున్న గుండీ తీసెయ్యబోతే పాప ఆపింది. అది హెడ్‌లైటు.

కలంకారీలో బొమ్మల కింద కథను తెలుగులో రాస్తారని ఫోన్లో ఆయన చెప్పాడు. పాప ఎవరినీ అడక్కుండా రాసేసింది: థాథ బస్సు.

నా ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో మేం ఇంగ్లీషు అక్షరాల్లో తాత అని రాసేటప్పుడు రెండుచోట్లా హెచ్ పెడతాం. హెచ్ ఉంటే ఒత్తు అని తెలుగు క్లాసులో చెప్పారు. దాని లెక్కలో దాని తప్పేం లేదు. నిమ్మరసం రుద్దితే కసిం తేలిపోతుందని కాళహస్తి ఆయన అంటే, నిమ్మకాయ కోసుకుని మిద్దె ఎక్కాను. అప్పటికే అమ్మ మొదటి థా మీద గొలుసుకుట్టు వేస్తోంది. చుక్కతో సహా.

"తప్పు రాసిందమ్మా, చూడు."

"చూసినా. పిలిచేది నువ్వా, ఆ బిడ్డా?"

నిమ్మకాయ మజ్జిగలో పిండుకున్నాం.

జూలైలో ప్రత్యేక విమానంలో సీట్లు దొరికాయి. బొంత తీసుకెళ్దామన్నాను. అది అవ్వ మంచం మీదే ఉండాలని పాప తేల్చేసింది. మిగిలిన ఖాకీ గుడ్డ మాత్రం బ్యాగులో పెట్టుకుంది.

మొన్న వీడియోలో అమ్మ బొంత మడతేస్తూ కనిపించింది. బస్సు గుండీ ఊడిపోయిందట. పోపులపెట్టెలో దాచిపెట్టానంది. నువ్వే కుట్టెయ్యొచ్చు కదా అన్నాను.

"నాకేం పని? డ్రైవరమ్మ వచ్చి కుట్టుకుంటాది" అంది.